కాటా చూసి సూది వేస్తున్నారు... నడుము కొలిచేదెవరు?

సన్నబడే ఇంజెక్షన్ ఇచ్చే ముందు మీ నడుము చుట్టూ టేపు పెట్టని చోట ఆ ఇంజెక్షన్ వేయించుకోకండి. ఇదీ ఇవాళ్టి వీడియో. టైమ్ లేనివాళ్ళు ఇక్కడే ఆపేయొచ్చు, నాకేం కోపం లేదు. ఉన్నవాళ్ళు ఉండండి, ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో చెప్తా.

గొడవేంటో మీకు తెలిసిందే. 2025 మార్చిలో మౌంజారో అనే సన్నబడే ఇంజెక్షన్ మన దేశంలోకి వచ్చింది, జూన్‌లో వెగోవీ, డిసెంబర్‌లో ఒజెంపిక్. వెగోవీ, ఒజెంపిక్ రెండిట్లోనూ ఉండే మందు సెమాగ్లుటైడ్. దాని పేటెంట్ మన దగ్గర 2026 మార్చితో సరి. చవక రకం తెస్తామని మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌తో సహా బోలెడు కంపెనీలు ముందు నుంచే రెడీగా కూర్చున్నాయి. అంటే ఇన్నాళ్ళూ "అమ్మో, అంత ఖర్చా" అని ఆగినవాళ్ళు ఇక ఆగరు. దీని మీద నేను వీడియో పెడితే కింద కామెంట్లలో రెండు పార్టీలు తయారయ్యాయి. ఒకళ్ళకి ఇది అమృతం, ఇంకొకళ్ళకి విషం. "సామీ, మీరు ఏ పార్టీ?" అని అడుగుతున్నారు.

నేను టేపు పార్టీ.

మందు పని చేస్తుంది. ఆ విషయంలో నాకు డౌటే లేదు. 2021లో వచ్చిన ట్రయల్‌లో సెమాగ్లుటైడ్ 68 వారాలు వాడినవాళ్ళు సగటున 15 శాతం బరువు తగ్గారు. మౌంజారోలో ఉండే టిర్జెపటైడ్ పెద్ద డోసు 72 వారాలు వాడితే దాదాపు 21 శాతం. 2025లో రెండిటినీ ఎదురెదురుగా నిలబెట్టి చూశారు, టిర్జెపటైడ్‌తో 20.2 శాతం, సెమాగ్లుటైడ్‌తో 13.7 శాతం తగ్గారు, టిర్జెపటైడ్ గెలిచింది. గుండె జబ్బు ఉండి, బరువెక్కువై, షుగర్ లేని 17,604 మంది మీద సెమాగ్లుటైడ్ పరీక్షిస్తే గుండెపోటు, పక్షవాతం, గుండె జబ్బుతో చావు కలిపి 20 శాతం తగ్గాయి. ఇంత చేసే మందుని విషం అనడానికి నోరెలా వస్తుంది?

అన్నట్టు, ఈ మందుల కుటుంబంలో మొదటిది ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? బల్లి విషం నుంచి! అమెరికా ఎడారిలో గిలా మాన్‌స్టర్ అని ఒక విషపు బల్లి ఉంటుంది. దాని విషంలో 1992లో జాన్ ఎంగ్ అనే డాక్టర్ ఒక పదార్థం పట్టుకున్నాడు, అది 2005లో షుగర్ మందుగా మార్కెట్లోకి వచ్చింది. ఇప్పటి సెమాగ్లుటైడ్‌కి బల్లితో సంబంధం లేదు, అది మనిషి హార్మోన్‌ని అనుకరించి చేసింది. ఇది విని మన శేషాచలం బంగారు బల్లి జోలికి ఎవరైనా వెళ్తే మాత్రం ఫారెస్ట్ వాళ్ళు పట్టుకుపోతారు, నన్ను అడగొద్దు.

సరే, కాటా దగ్గరికి వద్దాం. ఇందాక నేను చెప్పిన లెక్కలు గమనించారా? గుండె సంగతి పక్కన పెడితే అన్నీ బరువే. 15 శాతం, 21 శాతం. ఏం పోయింది అని మాత్రం ఎవడూ అడగడు. ఆ సెమాగ్లుటైడ్ ట్రయల్‌లోనే కొంతమందికి, ఒంట్లో కొవ్వెంత, కొవ్వు కానిదెంత అని విడివిడిగా చూపించే డెక్సా స్కాన్ తీశారు. తగ్గిన బరువులో 40 శాతం దాకా కొవ్వు కాదు! టిర్జెపటైడ్‌లో అది పావు వంతు. ఆగండి ఆగండి, కామెంట్ టైప్ చేస్తున్న డాక్టర్ గార్లకి నమస్కారం. ఉపవాసం చేసినా కొంత కండ పోతుంది, కొవ్వు కానిదంతా కండ కాదు, అందులో నీళ్ళు కూడా ఉంటాయి, తెలుసు. కానీ పోగొట్టుకోవడానికి కండ ఉన్నవాడి సంగతి వేరు, మన సంగతి వేరు. నా గోలంతా అక్కడే.

మా మామ ఒకాయన ఉన్నాడు, తిరుపతిలోనే బట్టల వ్యాపారం. పోయినేడాది ఒక క్లినిక్‌లో ఈ ఇంజెక్షన్ మొదలుపెట్టాడు. పేరు చెప్పను. మనిషిని చెప్పులతో సహా వెయిట్ మిషన్ ఎక్కించారు, ఎత్తు అడిగి రాసుకున్నారు, ఫోన్‌లో బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందా లేదా అనే లెక్క కట్టారు, ఇంజెక్షన్ పెన్ను చేతిలో పెట్టారు. చీటీ నేను చూశాను. పైన బరువు, కింద మందు పేరు, మధ్యలో ఖాళీ. నడుము కొలత లేదు, ఏం తినాలో లేదు, వ్యాయామం మాటే లేదు. తగ్గాడా అంటే తగ్గాడు, చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది. "ఏమ్ రా అల్లుడూ, పద్నాలుగు కేజీలు పోయినాయి" అని ఒకటే సంబరం. అదే మనిషి మొన్న అలిపిరి నుంచి నడుస్తూ గాలిగోపురం దాకా ఎట్లాగో వచ్చి, మోకాళ్ళ పర్వతం దగ్గర కూర్చుండిపోయాడు. "కాళ్ళల్లో సత్తువ లేదు రా" అన్నాడు. పొట్ట చూస్తే, బెల్టు మీద ఇంకా అట్లనే కూర్చుని ఉంది!

కాటా దృష్టిలో మా మామ పాస్. మెట్ల దగ్గర ఫెయిల్. ఎవరిని నమ్ముదాం?

ఇప్పుడు అసలు బాంబు. 2004లో లాన్సెట్ అనే పెద్ద మెడికల్ జర్నల్‌లో ఒక ఫోటో వేశారు. ఇద్దరు డాక్టర్లు పక్కపక్కన నిలబడి ఉంటారు. ఒకాయన పుణె యాజ్ఞిక్, ఇంకొకాయన లండన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3, పాయింటుతో సహా ఒకటే. కాటా ప్రకారం ఇద్దరూ ఫిట్. ఒంట్లో కొవ్వు కొలిస్తే లండన్ ఆయనకి 9.1 శాతం, మన పుణె ఆయనకి 21.2. రెట్టింపు కంటే ఎక్కువ! ఆ ఒక్క ఫోటో ప్రింట్ తీసి ప్రతి క్లినిక్ గోడకీ అంటించాలి. మన కాళ్ళు చేతులు సన్నం, పొట్ట ముందుకు. బరువు చూస్తే మామూలు, లోపల చూస్తే కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అట్లాంటివాడిని కాటా మీద నిలబెట్టి "తగ్గించు, తగ్గించు" అంటే ఉన్న కాస్త కండ కూడా పోదా?

మనం ఇట్లా ఎందుకు తయారయ్యాం అంటే నాకో థియరీ ఉంది. నాదే, ఏ జర్నల్లోనూ రాదు, నవ్వుకుంటే నవ్వుకోండి. కరువు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు వచ్చింది కదా, మా అవ్వ వాళ్ళ అవ్వ కాలం నుంచి ఇళ్ళల్లో చెప్పుకునే కరువు. అప్పట్లో మన చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1877లో రిచర్డ్ టెంపుల్ అనే దొర వచ్చి, కరువు పనిలో రాళ్ళు మోసే మగమనిషికి రోజుకి పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు! పొద్దంతా రాళ్ళు మోసి! ఆ గింజల మీద బతికినవాళ్ళ మనవళ్ళ మనవళ్ళం మనం. తల్లి కడుపులో ఆకలి చూసిన బిడ్డ ఒళ్ళు జీవితాంతం దాచుకునే పద్ధతిలోనే ఉంటుందని హేల్స్, బార్కర్ అనే ఇద్దరు 1992లో రాశారు. ఇందాకటి ఫోటోలోని యాజ్ఞిక్ గారు పుణెలో అప్పుడే పుట్టిన పిల్లల్ని తూచి చూపించారు. అక్కడ సగటు 2.7 కేజీలు, ఇంగ్లండ్ పిల్లలు 3.5. అంత చిన్న పిల్లల్లో కూడా కండ తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. మరి ఇన్ని తరాల కరువు మన ఒంట్లో ఏమీ మిగల్చకుండా పోయిందా? నేను నమ్మను.

పొట్ట సంగతికి మళ్ళీ వస్తున్నా. మన దేశంలో మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే ప్రమాదం. బీఎంఐ కూడా మనకి 23 దాటితే జాగ్రత్తపడాలి. మందు డబ్బాల మీద ఉండేది వేరే గీత, 30 దాటితే ఇవ్వండి, బీపీయో షుగరో ఉంటే 27 నుంచి ఇవ్వండి అని. ఎవరి ఒళ్ళు చూసి గీశారు ఆ గీత? 2025 జనవరిలో ఒకే నెలలో రెండు రిపోర్టులు వచ్చాయి. యాభై మందికి పైగా నిపుణులు కూర్చున్న లాన్సెట్ కమిషన్, బీఎంఐ ఒక్కటే చూసి ఊబకాయం అని తేల్చొద్దు, నడుము లాంటివి కూడా కొలవండి అంది. మన ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళతో కలిసి మన డాక్టర్లు రాసినది, పొట్ట కొవ్వునీ దానితో వచ్చే జబ్బుల్నీ చూసి రెండు దశలుగా విడగొట్టండి అంది. పెద్ద పెద్దవాళ్ళు చెప్పి ఇన్నాళ్ళైంది, మన వీధి క్లినిక్‌లో టేపు ఎక్కడ? టైలర్ దగ్గర దొరికేదే కదా!

సరే, వాళ్ళు కొలవకపోతే మీరు కొలుచుకోండి. మగవాళ్ళు ముందు ఒకటి వినండి. ప్యాంటు సైజు నడుము కాదు! "నాది 34 అన్నా" అంటాడు, ప్యాంటేమో పొట్ట కింద తొడుగుతాడు. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో పెట్టాలి టేపు, ఊపిరి వదిలి, పొట్ట లోపలికి పీల్చకుండా. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళ మీద నుంచి కొలిచి నాకు లెక్క పంపొద్దు. టేపు లేదంటారా? ఒక దారం తీసుకోండి, నెత్తి నుంచి మడమ దాకా మీ ఎత్తుకి కత్తిరించండి, సగానికి మడవండి, ఆ మడిచిన దారం నడుముకి చుట్టండి. కొసలు కలవలేదా, పొట్ట ఎక్కువైనట్టే. నడుము ఎత్తులో సగం లోపు ఉండాలని బ్రిటన్ వాళ్ళు 2022లో గైడ్‌లైన్‌లో పెట్టారు. మొలతాడు ఉన్నవాళ్ళకి ఈ దారం కూడా అక్కర్లేదు, పెళ్ళైనప్పటి నుంచి ఎన్నిసార్లు వదులు చేశారో గుర్తు చేసుకోండి చాలు.

తిండి సంగతి కూడా అనేస్తా, మీరు తిట్టినా సరే. రాగి సంగటి. "అన్నం మానేశాను అన్నా, సంగటే" అని మూడు ముద్దలు లాగించేవాళ్ళు మన ఊళ్ళో కోకొల్లలు, ఊరుబిండి ఉంటే నాలుగో ముద్ద కూడా. నాకూ ఇష్టమే, నాటుకోడి పులుసుతో అయితే చెప్పక్కర్లేదు. కానీ 2025లో ఐసీఎంఆర్, అంటే మన కేంద్ర వైద్య పరిశోధన సంస్థ చేసిన సర్వే నేచర్ మెడిసిన్ అనే జర్నల్‌లో వచ్చింది. మన దేశంలో కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే. తెల్లన్నం తీసేసి గోధుమలో చిరుధాన్యాలో పెట్టినంత మాత్రాన ప్రమాదం తగ్గలేదు, మొత్తం పిండి తగ్గాలి, ప్రొటీన్ పెరగాలి అని తేలింది. ఇక ఇంజెక్షన్ వేసుకున్నాక ఆకలే ఉండదు. తినేది రెండు ముద్దలు. ఆ రెండూ సంగటే అయితే కండ దేంతో నిలబడుతుంది? గుడ్డు, పప్పు, పెరుగు, చేప ముందు తినండి, ముద్ద తర్వాత. దానితో పాటు బరువులెత్తే వ్యాయామం. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో కబుర్లు చెప్పుకుంటూ నడిచేది మంచిదే గానీ దానితో కండ రాదు.

మందు ఆపేస్తే ఏమవుతుందో కూడా తెలుసు కదా. ఆ సెమాగ్లుటైడ్ ట్రయల్ వాళ్ళు ఆపిన ఏడాదికి, తగ్గిన దాంట్లో మూడింట రెండు వంతులు మళ్ళీ పెరిగారు. తిరిగొచ్చేది కొవ్వా, కండా? మా మామ లాగా కుర్చీలోనే కూర్చునేవాడికి కండ తనంతట తాను వస్తుందా? పెళ్ళి ముహూర్తానికి మూడు నెలలు వేసుకుని ఆపేస్తాం అనేవాళ్ళు ఈ ప్రశ్న ముందు వేసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 డిసెంబర్‌లో ఈ మందుల్ని ఊబకాయానికి సిఫార్సు చేసింది, అదీ షరతులతోనే. దీర్ఘకాలం వాడే మందుగా, తిండి, వ్యాయామం మీద గట్టి శిక్షణతో కలిపి ఇవ్వమంది. బ్యూటీ పార్లర్ ప్యాకేజీలో ఫేషియల్ పక్కన పెట్టమని ఎక్కడా అనలేదు! ఇది డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటే. ఇంజెక్షన్ వేసుకుంటున్నవాళ్ళు చీటీ తీసి చూడండి. నడుము కొలత ఉందా? ఉంటే "ఉంది", లేకపోతే "లేదు" అని కామెంట్ పెట్టండి. డాక్టర్ పేరు వద్దు, క్లినిక్ పేరు అసలే వద్దు, కేసు నా మీద పడుతుంది. "లేదు" అన్నవాళ్ళు సొంతంగా మందు ఆపేయకండి, ఈసారి వెళ్ళినప్పుడు జేబులో టేపు పెట్టుకెళ్ళి డాక్టర్ గారి టేబుల్ మీద పెట్టండి. ఆయన ఏమన్నారో కూడా రాయండి. మంచి జవాబులన్నీ వచ్చే వీడియోలో చదువుతా.