‘అ’ అంటే 3077

శ్రోతలకు నమస్కారం.

బళ్లో ఛందస్సు చదువుకున్నవాళ్లకు ‘యమాతారాజభానసలగం’ గుర్తుండే ఉంటుంది. ఉన్నవి రెండే గుర్తులు, లఘువూ గురువూ. వాటిని మూడేసి చొప్పున కూర్చితే య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది గణాలు వస్తాయి. తొమ్మిదోది కావాలన్నా రాదు. నాలుగేసి కూర్చితే పదహారు, ఎనిమిదేసి కూర్చితే 256. ఒక్క చోటు పెరిగితే చాలు, లెక్క రెట్టింపవుతుంది.

కంప్యూటర్‌లోనూ ఇదే లెక్క. లఘువు గురువుల బదులు అక్కడ సున్నా, ఒకటి. ఒక్కో చోటును బిట్ అంటారు, ఎనిమిది బిట్లయితే బైట్.

మనకు పది అంకెలు ఉండగా రెండింటితోనే సరిపెట్టుకోవడం ఎందుకు? చీకట్లో దూరాన ఉన్న దీపం వెలుగుతోందో ఆరిపోయిందో ఎవరైనా చెప్పగలరు. పది మెట్లలో ఏ మెట్టు మీద వెలుగుతోందో చెప్పమంటే తడబడతాం. కరెంటు సంగతీ అంతే. వేడికి, పక్క తీగల ప్రభావానికి వోల్టేజీ కాస్త అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. ఎక్కువా తక్కువా అని రెండే చూసుకుంటే పొరపాటు పడే అవకాశం బాగా తగ్గిపోతుంది.

ఇప్పుడు మన ‘అ’ దగ్గరికి వద్దాం. కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, సంఖ్యే తెలుసు. యూనికోడ్ అనే ఒప్పందం ప్రకారం ‘అ’ సంఖ్య 3077. మన లెక్కలో ఒకట్లు, పదులు, వందల స్థానాలు ఉన్నట్టే అక్కడ ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపయ్యే స్థానాలు ఉంటాయి. 2048, 1024, 4, 1 కూడితే 3077. ఆ నాలుగు స్థానాల్లో ఒకటి, మిగతా చోట్ల సున్నా. వరసగా చదివితే ఒకటి, ఒకటి, ఏడు సున్నాలు, మళ్లీ ఒకటి, సున్నా, ఒకటి. మన అక్షరమాల మొదలయ్యే ‘అ’ ఫోన్‌లో ఇలా ఉంటుంది.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఆ ఒప్పందమే. అవే బిట్లు ఇంకోచోట ఒక రంగు కావచ్చు, గొంతులో ఒక క్షణం కావచ్చు. సీడీలో గొంతును సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లతో రాస్తారు. బిట్లను చూసి అవి ఏమిటో చెప్పలేం, ముందే అనుకుని ఉండాలి. ఒకప్పుడు తెలుగు ఫాంట్లు ఎవరి లెక్క వాళ్లే పెట్టుకున్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు వ్యాసం కాస్తా పిచ్చిగీతలయ్యేది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగుకు చోటు దొరకడం మన అదృష్టం. శ్రీకాకుళంలో తల్లి పంపిన ‘అమ్మలూ’ టెక్సాస్‌లో కూతురికి ‘అమ్మలూ’గానే చేరుతోందంటే అందుకే.

ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఏడు బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు పదహారు బిట్లు కావాలి, అందుకే 70. అందులోనూ ఒత్తుకూ గుణింతానికీ విడివిడిగా సంఖ్యలున్నాయి. చాలా ఫోన్లలో ‘శ్రీ’ అని కొట్టి, ఒక్కొక్కసారే చెరిపి చూడండి. ముందు గుడి దీర్ఘం పోయి ‘శ్ర’ మిగులుతుంది, తర్వాత ‘శ్’, తర్వాత ‘శ’. నాలుగోసారి నొక్కితేగాని ఆ చోటు ఖాళీ అవదు.