ఫెల్టింగ్ కిట్, ఓటీజీ, కొబ్బరి పొట్టు: ఏడాది వాడాక నా రివ్యూ

అందరికీ నమస్కారమండి. తిరుపతి, బైరాగిపట్టెడలో మా ఇంటి నుంచే మాట్లాడుతున్నాను. ఇదిగో, నా చేతిలో ఉన్న ఈ చిలకను చూడండి. పోయిన దసరాకి బొమ్మల కొలువులో పెట్టాలని మొదలుపెట్టాను, అప్పటికి కాలేదు. ఈ దసరాకి మాత్రం మెట్టెక్కుతుంది. దీనికి కుట్టు లేదు, జిగురు లేదు. ఉన్నిని సూదితో పొడిచి పొడిచి చేసిందే అంతా. నీడిల్ ఫెల్టింగ్ అంటారు.

ఈ ఫెల్టింగ్ కిట్, కేకులు చేసుకునే కరెంటు ఓవెన్ ఓటీజీ, మిద్దె తోటకి కొబ్బరి పొట్టు. ఏడాదిగా మా ఇంట్లో వాడుతున్నవి ఈ మూడూ. అన్నీ నా డబ్బుతో కొన్నవే. మూడూ మంచివే, కొనుక్కోవచ్చు. కానీ ప్రతిదానికీ డబ్బా మీద రాయని సంగతి ఒకటి ఉంది. అది తెలియక నేను నష్టపోయాను, మీకు ఆ నష్టం రాకూడదనే ఈ వీడియో.

ముందు కిట్. సూదిని కెమెరా దగ్గరికి తెస్తాను, ఆగండి. కొన పైన చిన్న చిన్న గాట్లు కనిపిస్తున్నాయా? కుట్టు సూదికి ఉన్నట్టు దీనికి కన్ను ఉండదు. సూది దిగేటప్పుడు ఆ గాట్లే ఉన్ని పోగుల్ని పట్టి లోపలికి లాగుతాయి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాయంటే ఇక విడిపోవు. ఉన్ని స్వెట్టర్‌ని వేడినీళ్లలో ఉతికితే ముడుచుకుపోతుంది చూడండి, అక్కడ జరిగేదీ ఇదే. దూదికి ఆ పొలుసులుండవు. దిండు దూదితో నేను ఒక సాయంత్రమంతా పొడిచి చూశాను, గట్టిపడనే లేదు.

మన గొర్రెల ఉన్ని పనికిరాదా అని మా అత్తమ్మ అడిగారు. మన వైపు కనిపించే నెల్లూరు జాతి గొర్రెలకు ఉండేది ఉన్ని కాదండి, వెంట్రుకలే. గొంగళ్లు నేసేది దక్కనీ గొర్రెల ఉన్నితో. అది ముతక కాబట్టి బొమ్మ లోపలి ఉండకు సరిపోతుంది. పైన రంగుకు మాత్రం మెత్తటి మెరీనో గొర్రెల ఉన్ని కావాలి.

ఈ కిట్‌లో లోపం సూదులే. మూడు ఇచ్చారు, మూడూ ఒకే సైజు. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఆకారం తేవడానికి 36, తర్వాత 38, చివర్లో నునుపు రావడానికి 40 కావాలి. విడిగా తెప్పించుకున్నాకే నా చిలకకు మెడ వచ్చింది, అంతవరకూ కోడిగుడ్డులా ఉండింది. ఇంకొకటి, సూది ఏ వాలులో దిగిందో అదే వాలులో బయటికి రావాలి. లోపల ఉండగా పక్కకు తిప్పితే పుటుక్కున విరుగుతుంది. నావి రెండు విరిగాయి, ఒకటి వేల్లో దిగింది. కింద స్పాంజి, వేలికి తొడుగు లేకుండా కూర్చోకండి.

మా పాపకి తొమ్మిదేళ్లు, దానికి సూది ఇవ్వను. గోరువెచ్చని సబ్బునీళ్లలో ఉన్నిని అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పుతూ ఉండలు చేస్తుంది. మొదట జారుడుగా ఉంటుంది, కాసేపటికి చేతికి గట్టిగా తగులుతుంది. అప్పుడు దాని ముఖం చూడాలండి! కానీ మనకి అక్టోబరు, నవంబరు వానల్లో ఆ పని పెట్టుకోకండి. నాలుగు రోజులైనా లోపలి తడి ఆరలేదు, వాసన వచ్చేసింది. ఎండాకాలంలో అయితే ఒక్క పూట చాలు.

ఇక ఓటీజీ. మాది 28 లీటర్లు, 1500 వాట్లు. 230 వోల్టులకి లెక్కేస్తే ఆరున్నర ఆంపియర్లు. అందుకని 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకండి, 16 ఆంపియర్ల పాయింటు ఉండాలి. మేము మొదట మామూలు ప్లగ్గుకే పెట్టాం, ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన వాసన! ఎలక్ట్రీషియన్ వచ్చి వేరే పాయింటు వేశాకే టెన్షన్ తీరింది. రెండోది, ఓటీజీ మీద ఉన్న డిగ్రీల నంబరును నమ్మకండి. లోపల పెట్టే చిన్న థర్మామీటరు కొనుక్కోండి. నేను 180కి తిప్పితే లోపల 205 చూపించింది.

నేను ఎక్కువగా చేసేది రాగి కేకు. రాగిలో గ్లూటెన్ లేదు కాబట్టి ఒట్టి రాగి పిండితో చేస్తే కోసేటప్పుడు పొడి పొడి అవుతుంది. సగం గోధుమ పిండి కలుపుతాను. చక్కెరకు బదులు చిత్తూరు బెల్లం. బెల్లం వేస్తే పైభాగం తొందరగా నల్లబడుతుంది, అందుకే థర్మామీటరులో 170 దాటనివ్వను. సంగటి తినని మా పాప ఈ కేకు ముక్కలు మాత్రం రెండు అడిగి పెట్టించుకుంటుంది.

కొబ్బరి పొట్టు గురించి ఒక్క మాటే, కానీ ముఖ్యమైనది. కడగండి. అందులో ఉప్పు ఉండొచ్చు. నేను ఇటుకలా నొక్కి అమ్మే పొట్టును నానబెట్టి నేరుగా మొక్కల సంచుల్లో నింపేశాను, మిరప నారు ఆకుల కొనలన్నీ మాడిపోయాయి. ఇప్పుడు మూడు నీళ్లు మార్చి, గట్టిగా పిండేసి, మట్టి, పశువుల ఎరువు కలిపి వాడుతున్నాను. ఒట్టి పొట్టులో మొక్కకు తిండి దాదాపు ఉండదు. మే నెలలో మన మిద్దెల మీద నల్ల సంచి పట్టుకుంటే చెయ్యి కాలుతుంది, లోపల వేర్ల గతేమిటో ఆలోచించండి. మీద పచ్చ నెట్ కట్టాకే కనకాంబరాలు నిలబడ్డాయి. తిరుమల కొండకు పోయే రోజు తల్లో పూలు పెట్టుకోం కదా, ఆ రోజు కోసినవన్నీ ఇంట్లో దేవుడికే.

సరే, చిలక దగ్గరికి వద్దాం. ముక్కు ఒక్కటే మిగిలింది. ఎర్ర ఉన్ని బియ్యపు గింజంత తీసుకున్నాను, 40 నంబరు సూది. ఇలా వంపు తిప్పి, వేళ్లు దూరంగా పెట్టుకుని, చిన్నగా, చిన్నగా... చూశారా, అతుక్కుంది.