స్క్రిప్టు వేళ్లు, మనిషి వేళ్లు

శ్రోతలకు నమస్కారం.

మీ కంప్యూటర్లో స్లాక్, డిస్కార్డ్ లాంటి యాప్‌లుంటే, వాటి లోపల ఒక్కోదానిలో ఒక్కో బ్రౌజర్ దాక్కుని ఉన్నట్టే. బయటికి మామూలు సాఫ్ట్‌వేర్, లోపల వెబ్‌పేజీ. ఈ రెంటినీ కలిపి కుట్టేది ఎలక్ట్రాన్ అనే సాఫ్ట్‌వేర్. గిట్‌హబ్ అనే కంపెనీ వాళ్లు, కోడ్ రాసుకునే తమ ఆటమ్ ఎడిటర్ కోసం దీన్ని 2013లో మొదలుపెట్టారు.

యాప్‌లో చిన్న మార్పు చేసినా పాత పనులన్నీ మళ్లీ సరిచూసుకోవాలి. అదే బటన్ వందసార్లు నొక్కాక ఎవరికైనా కునుకు పడుతుంది. అందుకే ఆ పని స్క్రిప్టుకి, అంటే ఒక చిన్న ప్రోగ్రాముకి అప్పగిస్తాం. యాప్ తెరుస్తుంది, బటన్ నొక్కుతుంది, రావాల్సింది వచ్చిందో లేదో చెబుతుంది. ఆ స్క్రిప్టులు రాయడమే నా ఉద్యోగం. మా అమ్మకి వివరిస్తే, "అన్నీ అదే చేస్తే నీకు జీతమెందుకురా?" అంది.

చిక్కల్లా వెబ్‌పేజీ గడప దాటాకే. ఫైలు ఎంచుకోమంటూ ఒక పెట్టె తెరుచుకుంటుంది చూశారూ, అది ఆపరేటింగ్ సిస్టమ్ సొత్తు. స్క్రిప్టు చెయ్యి అక్కడిదాకా చాలదు. అందుకని ఆ పెట్టె తెరుచుకోకుండా చేసి, ఫలానా ఫైలు ఎంచుకున్నారని యాప్‌కి అబద్ధం చెప్పేస్తాం. ఒకప్పుడు ఈ స్క్రిప్టు పనులకి స్పెక్ట్రాన్ అనే పనిముట్టు ఉండేది. 2022 ఫిబ్రవరిలో దాన్ని ఆపేశారు. మేం ప్లేరైట్ అనే ఇంకో పనిముట్టుకి మారి, పాతవన్నీ తిరగరాసుకున్నాం.

అన్నీ పాసయ్యాయని ధీమాగా ఉన్న రోజుల్లోనే ఒక ఫిర్యాదు వచ్చింది. మా యాప్‌లో తెలుగులో మెసేజ్ రాస్తుంటే పదం పూర్తికాకుండానే వెళ్లిపోతోందట. మా స్క్రిప్టు రోజూ "నమస్కారం" పంపుతూనే ఉంది మరి! కారణం తర్వాత తెలిసింది. స్క్రిప్టు పదాన్ని అమాంతం మెసేజ్ పెట్టెలో పడేస్తుంది. మనిషి అలా కాదు, ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు, కింద గీతతో పదం రూపు కడుతూ ఉంటుంది, కింద వచ్చిన మాటల్లో ఒకటి ఎంచుకోవడానికి ఎంటర్ నొక్కుతాడు. మా యాప్ ఆ ఎంటర్‌ని "పంపెయ్" అనుకుంది. పదం ఇంకా రూపు కడుతుంటే ఆగమని చెప్పే ఒక్క షరతు చేరిస్తే సరిపోయింది.

ఇప్పటికీ కొత్త వెర్షన్ వదిలే ముందు సాయంత్రం, ఆ మెసేజ్ పెట్టెలో నేనే చేత్తో తెలుగు టైపు చేస్తాను. ఆకలి వేళ కదా, ఎక్కువగా "పునుగులు" అనే.