సైరన్‌కి డబ్బెవరు కట్టారు?

అందరికీ నమస్కారం.

ఇంజనీర్స్ డేకి వచ్చి "ప్రభుత్వ పరిశోధన, ప్రజా ప్రయోజనం" అనే అంశం మీద మాట్లాడమని ప్రిన్సిపాల్ గారు అడిగారు. ఆ పేరు వినగానే నాకే ఆవలింత వచ్చింది, ఇక మీ సంగతి చెప్పేదేముంది. అందుకని ఒక్క వస్తువునే పట్టుకొచ్చాను. తుపాను సైరన్.

2023లో ఒకరోజు దేశమంతా ఫోన్లు ఉన్నట్టుండి కీచుమని మోగాయి, గుర్తుందా? స్క్రీన్ మీద అత్యవసర హెచ్చరిక, కింద "ఇది పరీక్ష మాత్రమే" అని. మా ఆవిడ ఫోన్‌ని పప్పు డబ్బా పక్కన పెట్టేసి రెండడుగులు వెనక్కి వేసింది. పేలుతుందనుకుందట. ఆ హెచ్చరిక వెనకున్న వ్యవస్థని తయారుచేసింది సీ-డాట్. 1984లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలికాం పరిశోధన సంస్థ అది. పల్లెటూళ్లకు చిన్న టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తయారుచేసి ఇచ్చింది కూడా వాళ్లే. ఎస్టీడీ బూత్ ముందు రాత్రి తొమ్మిది దాకా క్యూలో నిలబడ్డ వాళ్లు ఈ హాల్లో నేనూ, ఇంకో ఇద్దరు ముగ్గురు సార్లూ ఉంటాం.

ఆ కీచు వెనక పెద్ద కథే ఉంది. అది దివిసీమ దగ్గర మొదలవుతుంది.

1977 నవంబరు 19. అప్పటికి నేను నాలుగో తరగతి. మా ఊరు సముద్రానికి దూరమే, అయినా ఆ రాత్రి మా పెంకులు లేచిపోయాయి. దివిసీమలో పెంకులతో ఆగలేదు. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన ఊళ్ల మీద పడింది. అధికారిక లెక్కల్లోనే పోయినవాళ్లు పది వేల దాకా ఉన్నారు. సొర్లగొంది లాంటి ఊళ్ల పేర్లు మా పెద్దవాళ్లు చాలా ఏళ్లు గొంతు తగ్గించి పలికేవాళ్లు.

మరి తుపాను వస్తోందని ఎవరికీ తెలియదా అంటే, తెలుసు. విశాఖపట్నంలో 1970 నుంచే తుపానుల్ని పట్టే రాడార్ ఉంది. వాతావరణ శాఖ హెచ్చరికలు ఇచ్చింది కూడా. కానీ నడిసముద్రంలో ఉన్న తుపానుని రాడార్ చూడలేదు, దాని చూపు కొన్ని వందల కిలోమీటర్లే. ఉపగ్రహ చిత్రాలు కావాలంటే, అమెరికా ఉపగ్రహాలు మన మీదుగా పోతూ రోజుకి ఒకటి రెండు సార్లు చూపించినంతే. ఇక ఆ హెచ్చరిక ఏ దారిన ఊరికి చేరాలి? టెలిఫోన్ తీగ మీదో, టెలిగ్రాఫ్ తీగ మీదో. గాలికి మొదట పడిపోయేవి ఆ స్తంభాలే. రేడియో ఊరికి ఒకటో రెండో. తెలిసినవాళ్లకీ తెలియాల్సినవాళ్లకీ మధ్య దారి తెగిపోయింది.

ఈ దారి వేసే పనిలో మొదటి అడుగు బోల్తా కొట్టింది. 1982 ఏప్రిల్లో ఇన్‌శాట్-1ఏ అనే మన ఉపగ్రహం పైకి వెళ్లింది. విప్పుకోవాల్సిన భాగాలు సరిగా విప్పుకోలేదు, దిశ సరిచేసుకునే ఇంధనం ఖాళీ అయింది, సెప్టెంబరుకల్లా వదిలేశారు. ప్రజల సొమ్ము అంతరిక్షంలో తగలేశారని తిట్టనివాళ్లు లేరు. తిట్టడం తప్పని నేననను, డబ్బు మనదే కదా. తర్వాతి ఏడాది ఆగస్టు 30న అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్‌లో ఇన్‌శాట్-1బీ వెళ్లింది. అది నిలబడింది.

1బీ అంటే మా తరానికి దూరదర్శన్. ఊరి మధ్యలో టీవీ, చిత్రలహరి, ఆదివారం సినిమా. అయితే అదే ఉపగ్రహంలో ఇంకో పరికరం ఉండేది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఒకేచోట నిలబడి, బంగాళాఖాతం మీది మేఘాల్ని మళ్లీ మళ్లీ ఫోటో తీసే రేడియోమీటర్. మామూలు వెలుగులో 2.75 కిలోమీటర్ల కన్నా చిన్నది దానికి ఆనేది కాదు, పరారుణంలో, అంటే కంటికి కనపడని వేడి కిరణాల్లో, అయితే 11 కిలోమీటర్లు. ఈరోజు మీ ఫోన్ కెమెరా పక్కన అది గుడ్డిదే. అయినా తుపాను ఎక్కడ పుట్టింది, ఎటు కదులుతోంది అన్నది రాత్రీ పగలూ చూసే కన్ను మనకంటూ ఒకటి ఏర్పడింది.

మేఘాల ఫోటో చూసి గాలి వేగం ఎలా చెప్తారని మీలో ఎవరికైనా అనుమానం వచ్చి ఉండాలి. రాకపోతే వచ్చేలా చేస్తాను, పరీక్షలో అడగరులెండి. మేఘం ఎంత చుట్టు తిరిగింది, మధ్యలో కన్ను ఏర్పడిందా, చుట్టూ ఉన్న మేఘాల పైభాగం ఎంత చల్లగా ఉంది, ఇవి చూసి ఒక నంబరు వేస్తారు. దాన్ని టి-నంబరు అంటారు. ఈ పద్ధతి కనిపెట్టింది వెర్నన్ డ్వొరాక్, అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థలో ఉద్యోగి. అక్కడి జనం పన్నులతో జరిగిన పని. మన వాతావరణ శాఖ ఇప్పటికీ వాడుతుంది, పైసా కట్టక్కర్లేదు. టీవీలో "తీవ్ర తుపానుగా బలపడింది" అన్నప్పుడు వెనక ఈ నంబరు ఉంటుంది.

ఇప్పుడు సైరన్ దగ్గరికి వద్దాం. 1980ల మధ్యలో ఇస్రో, వాతావరణ శాఖ కలిసి మన కోస్తాలోనూ తమిళనాడు తీరంలోనూ ఒక ఏర్పాటు చేశాయి. తీరం వెంట ఉన్న ప్రభుత్వ ఆఫీసుల్లో ఒక డిష్, ఒక పెట్టె. ప్రతి పెట్టెకీ ఒక కోడ్. తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి సంకేతం ఉపగ్రహానికి వెళ్లి, ఏ ప్రాంతానికి ప్రమాదమో ఆ పెట్టెల్ని మాత్రమే లేపుతుంది. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత తెలుగులో హెచ్చరిక వినిపిస్తుంది. మధ్యలో తీగలు లేవు, స్తంభాలు లేవు. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ కోడ్. ఊరికే అన్నిచోట్లా మోగిస్తే రెండోసారికి ఎవడూ లేవడు. నాన్నా పులి కథ తెలిసినవాడే ఆ సర్క్యూట్ గీసి ఉంటాడు.

1990 మే 9న మళ్లీ తుపాను, మళ్లీ కృష్ణా ముఖద్వారం దగ్గరే. బలంలో దాదాపు 1977 నాటిదే. ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే ఖాళీ చేయించారు. పోయినవాళ్లు వెయ్యిలోపు. అది కూడా చిన్న సంఖ్య కాదు, ఆ ఇళ్లవాళ్లని అడగండి. ఘనతంతా ఆ పెట్టెదే అంటే కూడా అబద్ధమే. ఈలోగా తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు. ఇంటింటికీ తిరిగి, ముసలమ్మల్ని, మేకల్ని కూడా లారీ ఎక్కించిన ఉద్యోగులున్నారు. కానీ లారీ బయల్దేరాలంటే ముందు ఎవరో చెప్పాలి కదా.

ఇక నా ప్రశ్న. ఈ పెట్టెని ఏ కంపెనీ తయారుచేసి అమ్ముతుంది? ఎవరికి అమ్ముతుంది? నాగాయలంకలో వల బాగుచేసుకుంటున్న వాళ్లకా? అయిదేళ్లకోసారి మోగే వస్తువుకి నెల నెలా చందా ఎవరు కడతారు? పోనీ నేను కట్టి, పక్కింటాయన కట్టలేదనుకోండి, సైరన్ ఆయనకి వినపడకుండా ఆపగలమా? డబ్బు కట్టినవాడికే వినపడే సైరన్ సైరనే కాదు. నేను కంపెనీలకి వ్యతిరేకిని కాదు, మా అబ్బాయి జీతం అక్కడి నుంచే వస్తోంది. ఆ లెక్కలో ఈ పెట్టె ఎక్కడా ఇమడదు, అంతే.

ఈ లెక్కలో ఇంకో చిక్కుంది. బ్రిడ్జి కడితే రిబ్బన్ కత్తిరించి ఫోటో దిగొచ్చు. బతికి ఉన్న మనిషి తాను పోలేదని ఏ ఆఫీసుకీ అర్జీ పెట్టడు. అందుకే బడ్జెట్ కోసేటప్పుడు కత్తెర ముందు ఇటే వస్తుంది.

డాప్లర్ రాడార్ల గురించి చెప్పడం మొదలుపెడితే టీ టైం దాటిపోతుంది. వాన చినుకు మన వైపు వస్తోందా, దూరంగా పోతోందా అని దాని మీద పడి తిరిగొచ్చిన తరంగం మార్పుని బట్టి చెప్తుంది, అంతవరకు చాలు. కానీ ఉప్పెన లెక్క ఒకటి చెప్పాలి. గాలి ఎంతో తెలిస్తే నీళ్లు ఎంత లేస్తాయో తెలిసిపోదు. తీరం దగ్గర లోతు తక్కువైతే నీటికి కిందికి పోయే దారి ఉండదు, పైకి లేస్తుంది. అందుకే ఒకే గాలికి ఒక తీరంలో రెండు మీటర్లు, ఇంకో తీరంలో ఐదు. ఈ లెక్కకి గణిత నమూనా కట్టినవాళ్లు ఢిల్లీ ఐఐటీలో దూబే, సిన్హా, రావు గార్ల బృందం. ఏళ్ల తరబడి సమీకరణాలు, పేపర్లు. చివరికి వాతావరణ శాఖ దాన్ని రోజువారీ పనిలోకి తీసుకుంది. "పేపర్లు రాస్తే ఎవరికి ఉపయోగం సార్" అని అడిగే విద్యార్థికి నేను ఈ పేరే చెప్తుంటాను.

తుపాను లేని రోజుల్లో ఈ యంత్రాంగం ఊరికే కూర్చోదు. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్ర సమాచార కేంద్రం ఉంది. సముద్రం లేని ఊళ్లో సముద్ర కేంద్రమేంటని నవ్వకండి, వాళ్లకి కావాల్సింది ఉపగ్రహ సమాచారం, కంప్యూటర్లు. నీటి పైభాగం వేడి, నీళ్లలో పచ్చదనం, ఈ రెండూ చూసి చేపలు ఎక్కడ చేరతాయో తీరానికి కబురు పంపుతారు. వెతుక్కుంటూ తిరిగే డీజిల్ మిగులుతుంది. అలలు ఎంత ఎత్తున ఉంటాయో చెప్తారు. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే నడుస్తోంది.

వీటన్నిటికీ నడిసముద్రంలో కొలతలు కావాలి. దానికి చెన్నైలోని సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ వాళ్లు 1997 నుంచి సముద్రంలో బోయాలు, అంటే పరికరాలు మోసే తేలుడు తొట్లు, లంగరు వేసి ఉంచుతున్నారు. ఇక్కడ ఒక తమాషా ఉంది. నీళ్లలో ఏది నిలకడగా తేలినా దాని నీడన చేపలు చేరతాయి. చేపలు చేరితే పడవలు చేరతాయి. బోయాకి తాడు కట్టి వేట చేస్తారు, ఆ లాగుడుకి పరికరాలు విరుగుతాయి, కొన్నిసార్లు లంగరే తెగుతుంది. ఏ మనిషి కోసం ఆ కొలతో, ఆ మనిషి చేతుల్లోనే అది పోతోంది. అతన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ పూట అతనికి చేప కావాలి.

బోయాకి చేపలు చేరాలి, తాడు మాత్రం కట్టడానికి వీలు కాకూడదు. లేదా తాడు కట్టినా తట్టుకోవాలి. లేదా ఇంకేదైనా. మెకానికల్ వాళ్లెవరికైనా ఏదైనా తడితే, టీ దగ్గర నా పక్కకి రండి. కాగితం, పెన్సిల్ తెచ్చుకున్నాను.