సింగర్ వెళ్ళిపోయాక డ్రమ్మర్ పాడిన ఆల్బమ్: జెనెసిస్ ‘ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్’ రివ్యూ

నమస్కారం అండీ. ఈరోజు రివ్యూ 1976 ఫిబ్రవరిలో వచ్చిన ఆల్బమ్‌ది. ఇంగ్లండ్ రాక్ బ్యాండ్, పేరు జెనెసిస్, ఆల్బమ్ ‘ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్’. హెడ్‌ఫోన్స్ ఉంటే దగ్గర పెట్టుకోండి, చివర్లో పనికొస్తాయి.

ముందు అప్పటి సంగతి చెప్తాను. జెనెసిస్ అంటే జనానికి సింగర్ పీటర్ గేబ్రియల్. స్టేజి మీదికి నక్క తల తగిలించుకుని, ఎర్ర గౌను వేసుకుని వచ్చేవాడు. ఇంకోసారి పువ్వు వేషం. చూపు పక్కకి తిప్పనిచ్చేవాడు కాదు. అలాంటి మనిషి 1975లో బ్యాండ్ వదిలేశాడు. ఇక వీళ్ళ పని అయిపోయిందన్నారు అందరూ. కానీ ఒక్క విషయం మర్చిపోయారండీ. గేబ్రియల్ కూడా పాటలు రాశాడు, కాదనను. అయితే సంగీతం నలుగురూ ఐదుగురూ కూర్చుని కట్టుకున్నది. టోనీ బ్యాంక్స్ కీబోర్డులు, మైక్ రూథర్‌ఫోర్డ్ బేస్, స్టీవ్ హ్యాకెట్ గిటార్, ఫిల్ కాలిన్స్ డ్రమ్స్. వేషం కట్టినవాడు వెళ్ళాడు, ట్యూన్లు కట్టేవాళ్ళు మిగిలారు.

సింగర్ కోసం ఆడిషన్లు పెట్టారు. చాలామంది వచ్చారు, ఎవరూ కుదరలేదు. వచ్చినవాళ్ళకి పాట ఎలా పాడాలో పాడి చూపించిందెవరో తెలుసా? కాలిన్స్. అప్పటికే ఏళ్ళ తరబడి గేబ్రియల్ వెనక గొంతు కలుపుతున్నాడు, 1971లో, 1973లో ఒక్కో పాట తనే పాడాడు కూడా. చివరికి ‘స్క్వాంక్’ అనే పాట ఈయన పాడి చూశాక వెతుకులాట ఆగిపోయింది.

ఇక పాటలు. మొదటి ట్రాక్ ‘డ్యాన్స్ ఆన్ ఎ వాల్కేనో’. ఏడేసి మాత్రల నడక. కాలు వేద్దామంటే అడుగు తప్పుతుంది, అయినా వదలబుద్ధి కాదు. ‘ఎంటాంగిల్డ్’లో పన్నెండు తీగల గిటార్ల మీద కాలిన్స్ మెత్తగా పాడతాడు. నాకు ఆల్బమ్ మొత్తంలో ప్రాణం ఇదే. గేబ్రియల్ గొంతులో ఒక గరుకు, ఒక నటన ఉండేవి. ఇక్కడ అవి లేవు. ఎవరో పక్కన కూర్చుని పాడుతున్నట్టుంటుంది. లేనిదాన్ని అనుకరించకుండా తన దగ్గరున్నదే ఇచ్చాడు చూడండి, నాకు అక్కడే గుండె నిండింది.

నచ్చనిది కూడా చెప్పాలి. ‘రాబరీ, అసాల్ట్ అండ్ బ్యాటరీ’లో కాలిన్స్ గొంతు మార్చి పాత్రలు ఆడతాడు. అది గేబ్రియల్ చొక్కా. ఈయనకి వదులైంది. ‘రిపుల్స్’ మాత్రం ఎన్నిసార్లు విన్నా కొత్తగానే ఉంటుంది.

ఇంగ్లండ్ చార్టుల్లో ఆల్బమ్ మూడో స్థానం దాకా వెళ్ళింది. టూర్‌లో కాలిన్స్ మైక్ దగ్గరికి రావాలి కాబట్టి డ్రమ్స్‌కి బిల్ బ్రూఫోర్డ్‌ని తెచ్చుకున్నారు.

అయితే ఇదే బ్యాండ్‌కి ఇదే కష్టం రెండోసారి వచ్చింది. 1996లో కాలిన్స్ కూడా వెళ్ళిపోయాడు. ఈసారి బయటినుంచి రే విల్సన్‌ని తెచ్చి 1997లో ‘కాలింగ్ ఆల్ స్టేషన్స్’ చేశారు. టికెట్లు అమ్ముడుపోక అమెరికా టూర్ రద్దయింది. తప్పు విల్సన్ గొంతుది కాదు, మంచి గొంతే. కానీ పాటలు చాలావరకు తయారయ్యాక వచ్చాడు. 1976లో పాడినవాడు ఆ పాటలు పుడుతున్నప్పుడు గదిలోనే ఉన్నాడు, డ్రమ్స్ వాయిస్తూ. బయటివాళ్ళు కుదరరని కాదండోయ్. ఏసీ/డీసీ అనే రాక్ బ్యాండ్‌కి 1980లో బయటినుంచి సింగర్‌గా వచ్చిన బ్రయన్ జాన్సన్ చక్కగా కుదిరాడు. అక్కడ పాటల మాటలు ఆయనతోనే రాయించారు.

ఇప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఆఖరి ట్రాక్ ‘లాస్ ఎండోస్’. దాదాపు అంతా వాద్యాలే. ఆల్బమ్‌లోని ట్యూన్లు మళ్ళీ తిరిగొస్తాయి. శబ్దం తగ్గిపోతున్నప్పుడు వాల్యూమ్ పెంచండి. చాలా లోపల్నుంచి కాలిన్స్ గొంతు వినిపిస్తుంది. ఆ మాటలు 1972 నాటి జెనెసిస్ పాట ‘సప్పర్స్ రెడీ’ ముగింపులోవి. అప్పుడు వాటిని పాడింది గేబ్రియల్.