విశాఖ మేడ మీద హోస్టా బతుకుతుందా?

నమస్కారం అండీ. హోస్టా అంటే ఆకుల అందం కోసం పెంచే చలిదేశాల మొక్క. అందులో పాండోరాస్ బాక్స్ అనే బుల్లి రకం ఫొటో పంపి, ఇది మన వైజాగ్‌లో పెరుగుతుందా అని చాలామంది అడుగుతున్నారు.

ఆ మొక్కను నేను షికాగోలో మా అమ్మాయి పెరట్లో చూశాను. గుబురు ఎత్తు జానెడు కూడా లేదు. ఆకు మధ్యలో మీగడ తెలుపు, అంచు చుట్టూ నీలం కలిసిన ఆకుపచ్చ. దగ్గరగా చూస్తే అంచులోని పచ్చదనం సన్నటి చారలుగా తెలుపులోకి దిగి ఉంది. మునివేళ్ల మీద కూర్చుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

తెలుపు భాగంలో పత్రహరితం ఉండదు కాబట్టి ఆ సన్నటి అంచే మొక్కంతటికీ తిండి తయారుచేయాలి. అందుకే చాలా నెమ్మదిగా పెరుగుతుంది. అప్పుడప్పుడు పూర్తి పచ్చ ఆకుల పిలక వస్తుంది. దాన్ని వేరుతో సహా తీసేయాలి, లేకపోతే అదే బలిసి తెల్లవాటిని మింగేస్తుంది.

ఇక మన ఊరి సంగతి. హోస్టా చలికాలంలో ఆకులు ఎండిపోయి, నేలలో నిద్రపోవాలి. 5 డిగ్రీల దాపు చలి వారాల తరబడి తగిలితేనే మళ్లీ బలంగా చిగురిస్తుంది. మనకు జనవరి రాత్రుల్లో కూడా 15 కిందికి దిగడం అరుదు. తెచ్చి పెడితే మొదటి ఏడాది బాగానే ఉంటుంది, తర్వాత ఏటేటా చిక్కిపోతుంది. లంబసింగి వైపు ఉన్నవాళ్లు ప్రయత్నించొచ్చు. బీచ్ రోడ్డు పక్క మేడ మీద మాత్రం వద్దండీ.

ఆన్‌లైన్‌లో దొరికే రంగురంగుల హోస్టా విత్తనాలు అసలే కొనకండి. నేను కొని మోసపోయాను, కుండీలో గడ్డి మొలిచింది. నిజమైన విత్తనాలే అయినా లాభం లేదు. విత్తనం ఆకు మధ్యభాగపు గుణాన్నే తీసుకుంటుంది. మధ్యలో తెలుపున్న మొక్క విత్తనాలు తెల్లగానే మొలిచి, తిండి లేక చచ్చిపోతాయి. అందుకే వీటిని పిలకలు విడదీసో, టిష్యూ కల్చర్‌తోనో (ల్యాబులో మొక్క ముక్క నుంచి) పెంచుతారు.

ఆ అందమే కావాలంటే తెల్ల కలాడియం పెట్టుకోండి. కడియం నర్సరీల్లో దొరుకుతుంది. చేమ జాతిదే, నీడ చాలు. ఆకు, దుంప నోట్లో పెట్టుకుంటే దురద, మంట. పసిపిల్లలకు అందనివ్వకండి. చలికాలంలో ఆకులు వాలిపోతే చచ్చిందని పారేయకండి, నీళ్లు ఆపి దుంపను పొడిగా ఉంచండి, ఎండలు ముదిరేలోపే లేస్తుంది.

మా వాటర్ ట్యాంకు నీడలో ఉన్న కుండీలో ఈ పొద్దునే ఒకటి లేచింది. చుట్ట విప్పని ఆకు, పెన్సిల్ మొనంత ఉంది. రండి, చూపిస్తాను.