నరానికి దెబ్బ తగిలితే: ఈ వారం ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: కడియపులంక నుంచి ఒక సోదరి లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండి. నర్సరీలో కవర్లకి మట్టి నింపుతానండి. వారం నుంచి పొద్దస్తమానం గొంతుక్కూర్చునే పని. మొన్నటి నుంచి ఎడం పాదం లేవట్లేదండి. చెప్పు జారిపోయినా తెలీట్లేదు.

డాక్టర్: కుర్చీలో కూర్చుని, మడమ నేలకి ఆనించి పాదం ముందు భాగం ఎత్తండమ్మా.

శ్రోత: రావట్లేదండి.

డాక్టర్: అరికాలు కుడికాలి వైపు తిప్పండి.

శ్రోత: ఆయ్, తిరుగుతోందండి.

డాక్టర్: నడుం నొప్పి కాల్లోకి దిగుతోందా?

శ్రోత: లేదండి.

డాక్టర్: అయితే నడుం కంటే మోకాలి దగ్గరే అనుమానం. మోకాలి బయటి పక్క, కాస్త కిందగా గుండ్రటి ఎముక తగులుతుంది, తడిమి చూడండి. దాని మెడ చుట్టూ తిరిగే నరానికి పైన చర్మం తప్ప అడ్డేమీ లేదు. గంటలకొద్దీ కాలు మడిస్తే అక్కడే నలుగుతుంది. పైపొర మాత్రమే నలిగితే కొన్ని వారాల్లో, మహా అయితే 2, 3 నెలల్లో కోలుకుంటుంది. గొంతుక్కూర్చోవద్దు, కాలు మీద కాలు వేయొద్దు. పీట చాలదు, మోకాలు ముడుచుకోని ఎత్తు స్టూలు కావాలి. పాదాన్ని 90 డిగ్రీల్లో నిలిపే ప్లాస్టిక్ పట్టీ వేయకపోతే మడమ వెనక బిగుసుకుపోతుంది. వేయించిన ఇసక మూటతో కాపడం మాత్రం అస్సలొద్దు. స్పర్శ లేని చోట కాలినా తెలీదు. ఈ వారమే డాక్టరుకి చూపించండి. నరాల పరీక్ష 3 వారాలయ్యాక చేస్తే సరిగ్గా తేలుతుంది. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉంటే అదీ చెప్పండి. కుష్ఠు కూడా ఈ నరాన్ని పట్టుకుంటుంది, దానికి మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

వ్యాఖ్యాత: అంబాజీపేట నుంచి ఇంకొకరు.

శ్రోత: కొబ్బరికాయ కొడుతుంటే కత్తి జారి ఎడం మణికట్టు తెగిందండి, చిటికెనవేలి వైపు. 12 రోజులైంది. కుట్లేశారు. రక్తం ఆగింది, నరం బానే ఉందన్నారు. చిటికెనవేలు మొద్దుబారిపోయిందండి.

డాక్టర్: మనం రక్తనాళాన్నీ నరమే అంటాం బాబూ, స్పర్శ మోసే నరాన్నీ నరమే అంటాం. రక్తం ఆగినంత మాత్రాన రెండోది బాగున్నట్టు కాదు. బొటనవేలికీ చూపుడువేలి పక్కకీ మధ్య కాగితం పట్టుకోండి, ఎవరినైనా లాగమనండి. బొటనవేలి కొస వంగిపోతోందా?

శ్రోత: వంగుతోందండి. కుడిచేత్తో అయితే వంగట్లేదు.

డాక్టర్: అది తెగిన గుర్తే అనుకుని నడవాలి. బీ-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు తెగిన కొసల్ని కలపవు. మైక్రోస్కోప్ కింద కుట్టాల్సిందే. ఆలస్యమైతే కొసలు వెనక్కి ముడుచుకుపోతాయి, అప్పుడు పిక్క వెనక నుంచి నరం ముక్క తెచ్చి అతకాల్సి వస్తుంది. కుట్టాక చేతికి సుమారు 3 వారాలు పట్టీ. నరం రోజుకి దాదాపు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. ఏడాది, ఏడాదిన్నరలో అది కండరాన్ని అందుకోకపోతే, తర్వాత అందుకున్నా కండరం పని చేయదు. కాకినాడ వెళ్లినా రాజమండ్రి వెళ్లినా, చేతి నరాలు కుట్టే సర్జన్ ఉన్నారా అని ముందే ఫోన్ చేసి అడగండి.

శ్రోత: ఎల్లుండి కుట్లు తీస్తామన్నారండి. అదయ్యాక వెళ్లనా?

డాక్టర్: కుట్లు అక్కడే తీస్తారు. రేపు పొద్దున్నే బయల్దేరండి.